ఎడారి ఈగల్ని ఫొటో చూసి గుర్తుపట్టడం – 4వ పాఠం: రెక్క మీది గదులు

పోయిన పాఠం చివర ఒక పని ఇచ్చాను. మీ దగ్గరున్న ఎడారి ఈగల ఫొటోలన్నీ ముందేసుకుని, రెండు కళ్ళ మధ్య నడినెత్తిన గుంట ఉన్నవాటిని ఒక కుప్పగా, లేనివాటిని ఇంకో కుప్పగా పెట్టమన్నాను. గుంట ఉంటే రాబర్ ఫ్లై, అంటే వేరే పురుగుల్ని వేటాడి తినే ఈగల కుటుంబం. లేకపోతే వేరే కుటుంబం. ఈ పని చేసినవాళ్ళకు ఒక చిక్కు తప్పకుండా ఎదురై ఉంటుంది. పైనుంచి తీసిన ఫొటోలో ఆ గుంట కనిపించదు. ఈగకు ఎదురుగా, దాని కళ్ళ ఎత్తుకు కెమెరా దించి తీస్తేనే తెలుస్తుంది. అలాంటి ఫొటో లేనివాటికి మూడో కుప్ప పెట్టి, దాని మీద ‘తెలియదు’ అని రాసేయండి. ఆ కుప్పే పెద్దగా ఉందని దిగులు పడకండి. నేను మొదలుపెట్టిన కొత్తలో సగానికి పైగా ఫొటోలు అందులోనే ఉండేవి. ఈ రోజు పాఠం అయ్యాక వాటిలో కొన్ని బయటికొస్తాయి, ఎందుకంటే పైనుంచి తీసిన ఫొటోలో తల దాగినా రెక్క దాగదు.

ఈ వరసలో అన్నిటికన్నా ముఖ్యమైన పాఠం ఇదేనని నా నమ్మకం. అందుకే కాస్త పొడుగ్గా ఉంటుంది. పెన్సిలు తీసుకుని గీయమన్న చోట నిజంగానే ఆగి గీయండి. చదివి ఊరుకుంటే ఇది చేతికి రాదు.

రంగు సంగతి ముందు

కొత్తగా నేర్చుకునేవాళ్ళు అందరూ రంగుతోనే మొదలుపెడతారు. ‘బూడిద రంగు ఈగ, పొట్ట మీద చారలు, కాళ్ళు ఎర్రగా ఉన్నాయి’ అని రాసుకుని అలాంటి ఇంకో ఫొటో కోసం వెతుకుతారు. పచ్చని అడవిలో ఇది కొంతవరకు పనిచేస్తుందేమో కానీ ఎడారిలో చెయ్యదు. ఇసుక మీద కూర్చునే ఈగకు ఇసుక రంగులో ఉండడమే రక్ష. కాబట్టి ఒకదానితో ఒకటి ఏ చుట్టరికమూ లేని ఈగలు కూడా అక్కడ బూడిద, గోధుమ, లేత పసుపు రంగుల్లోకి వచ్చి చేరాయి. ఒకే దిబ్బ మీద నాలుగు కుటుంబాల ఈగలు దాదాపు ఒకే రంగులో కూర్చుని ఉంటాయి.

పైగా ఆ రంగు ఒంటి రంగు కాదు. రాబర్ ఫ్లైల ఒంటి మీద పలక మీద సుద్దపొడి రాసినట్టు సన్నని పూత ఉంటుంది. అసలు ఒళ్ళు దాని కింద నల్లగా ఉంటుంది. వెలుగు ఒక పక్కనుంచి పడితే ఆ పూత వెండిలా మెరుస్తుంది, ఇంకో పక్కనుంచి పడితే మాయమవుతుంది. ఒకే ఈగను పది సెకన్ల తేడాతో రెండు వైపుల నుంచి తీస్తే రెండు వేరు ఈగలనిపిస్తాయి. వయసు కూడా తోడవుతుంది. బీ ఫ్లైలు అని తేనెటీగల్లా కనిపించే ఈగల కుటుంబం ఇంకోటి ఉంది. వాటి ఒంటి మీద మెత్తని నూగు, పొలుసులు ఉంటాయి. కొత్తగా బయటికొచ్చిన బీ ఫ్లై చిన్న బొచ్చు బంతిలా ఉంటుంది. కొన్ని రోజులు పూల మీద, ఇసుక మీద తిరిగేసరికి ఆ నూగు రాలిపోయి, నున్నగా, నల్లగా తయారవుతుంది. చారలు కూడా పోతాయి.

రాలిపోనిది, వెలుగుకు మారనిది ఒకటుంది. అదే రెక్కలోని ఈనెల అమరిక. ఆకులో ఈనెలున్నట్టే ఈగ రెక్కలోనూ ఈనెలుంటాయి. రెక్క అంచులు చిరిగి పేలికలైనా, ఒంటి మీద ఒక్క వెంట్రుక మిగలకపోయినా, ఆ ఈనెలు ఎక్కడ పుట్టాయో, ఎక్కడ చీలాయో, ఎక్కడ కలిశాయో ఈగ చచ్చేదాకా అలాగే ఉంటుంది. ఎండిపోయి ఇసుకలో దొరికిన ఈగలో కూడా చదువుకోవచ్చు.

బొమ్మ గీయండి

కాగితం మీద అడ్డంగా ఒక పొడవాటి రెక్క ఆకారం గీయండి. ఎడమ చివర రెక్క ఒంటికి అతుక్కునే మొదలు, కుడి చివర కొస, పై అంచు రెక్క ముందు అంచు. పైనుంచి చూస్తే ఈగ కుడి రెక్క ఇలాగే ఉంటుంది. ఎడమ రెక్క ఫొటో ఉంటే అద్దంలో చూసినట్టు తిప్పుకోండి. నేనైతే ఫొటోనే ఎడిటింగులో తిప్పేసి చూస్తాను, తికమక ఉండదు.

ఇప్పుడు మొదలు నుంచి కొస వైపు వెళ్ళే పొడవాటి ఈనెలు. ముందు అంచును ఆనుకుని రెండు మూడు ఈనెలు దగ్గర దగ్గరగా వెళ్ళి ఒకదాని తర్వాత ఒకటి అంచులో కలుస్తాయి. వాటిని తేలిగ్గా గీసేసి వదిలేయండి. వాటి కిందది మనకు ముఖ్యం. అది ఎక్కడా చీలకుండా వెళ్ళి, కొసకు కాస్త ముందు పై అంచు వైపు వంగుతుంది. దీన్ని మన పాఠాల్లో ‘పై ఈనె’ అందాం. దాని కింద ఇంకో పొడవాటి ఈనె వెళ్తుంది. అది రెక్కలో సగం దాటాక రెండుగా చీలుతుంది, పంగలకర్రలా. దీన్ని ‘పంగ’ అందాం. పంగకు పై చెయ్యి ఒకటి, కింద చెయ్యి ఒకటి.

గీశారా? ఇప్పుడు గదులు లెక్కపెట్టండి. పై ఈనెకూ పంగ పై చేతికీ మధ్య ఉన్న ఖాళీ ఒక గది. పంగ రెండు చేతుల మధ్య ఖాళీ రెండో గది. మొత్తం రెండు. వీటినే శాస్త్రంలో సబ్‌మార్జినల్ సెల్స్ అంటారు. పేరు గుర్తు పెట్టుకోండి, పుస్తకాల్లో ఎదురవుతూనే ఉంటుంది.

ఇప్పుడు పై ఈనె నుంచి పంగ పై చేతికి నిచ్చెన మెట్టులాగా ఒక చిన్న అడ్డు ఈనె గీయండి. మొదటి గది రెండుగా విడిపోయింది. మొత్తం మూడు గదులయ్యాయి. ఆ ఒక్క మెట్టు ఉందా లేదా అన్నదే ఈ రోజు పాఠానికి ప్రాణం. ఇసుక రంగులో ఒకేలా కనిపించే ఈగల మందను అది రెండుగా కోసేస్తుంది.

రాబర్ ఫ్లైలలో

ప్రపంచంలో రాబర్ ఫ్లైలు 7,000కు పైగా జాతులు. వాటిలో మామూలుగా రెండు గదులే ఉంటాయి. మూడు గదులున్నవి తక్కువ. అందువల్ల మూడు కనిపించాయంటే చాలా ప్రజాతులు (దగ్గరి చుట్టరికమున్న జాతుల గుంపులు) ఒక్క దెబ్బతో పక్కకు తప్పుకుంటాయి. అమెరికా ఖండాల్లోని ఎడారుల్లో తీసిన ఫొటో అయితే ముందు గుర్తుకు రావలసింది ఎఫెరియా. అక్కడ ఎండిన నేలల్లో అది చాలా పెద్ద ప్రజాతి, ఒక్క ఉత్తర అమెరికాలోనే నూరుకు పైగా జాతులున్నాయి. ప్రొమాకస్ అనే ఇంకో ప్రజాతికీ మూడు గదులే. అది అమెరికాల్లోనూ ఉంది, ఆఫ్రికా, ఆసియాల్లోనూ ఉంది. కాబట్టి ఆఫ్రికా ఎడారిలో తీసిన మూడు గదుల ఫొటోకు ఎఫెరియా అని పేరు పెట్టకూడదు. రెండూ ఉన్న చోట వాటిని విడదీయడం ఎలాగో వచ్చే పాఠంలో చూద్దాం, దానికి పంగ కింద చెయ్యి ఎక్కడ ముగుస్తుందో కూడా చూడాలి.

రెండు గదులే ఉన్నప్పుడు పని ఆగిపోదు. పై ఈనె చివరను చూడండి. కొన్ని రాబర్ ఫ్లైలలో అది సూటిగా రెక్క అంచుకు చేరుతుంది. కొన్నింటిలో అంచుకు చేరకముందే తన పైనున్న ఈనెలో కలిసిపోతుంది. మొదటి రకంలో ఆ రెండు ఈనెల మధ్య గది అంచు వైపు తెరిచి ఉంటుంది, రెండో రకంలో మూసుకుపోతుంది. ఇసుక నేలల్లో తరచుగా కనిపించే స్టెనోపోగన్ అనే సన్నని రాబర్ ఫ్లైలో ఇది తెరిచి ఉంటుంది. ఎఫెరియా, దాని దగ్గరి బంధువులలో మూసి ఉంటుంది. యాంటెన్నా, అంటే తల ముందుండే మీసం కూడా కనిపిస్తే ఇంకా మంచిది. మూసిన గది ఉన్న ఎఫెరియా వర్గంలో యాంటెన్నా చివర సన్నని వెంట్రుక లాంటి పోగు ఉంటుంది.

ఆడ, మగ తేడా గురించి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఎఫెరియాలో దాదాపు అందరూ ఇక్కడే బోల్తా పడతారు. మగదానికి పొట్ట చివరి ఖండాలు వెండి తెలుపులో మెరుస్తుంటాయి, కొసన ఉబ్బెత్తుగా పట్టుకొమ్ములు ఉంటాయి. ఆడదానికి ఆ తెలుపు ఉండదు. పొట్ట కొస కత్తిలా సన్నగా, పొడవుగా సాగి ఉంటుంది. అది గుడ్లు పెట్టే గొట్టం. పక్కపక్కన పెడితే ఇవి రెండు వేరు జాతులని ఒట్టేసి చెప్పేలా ఉంటాయి. రెక్క చూడండి. రెండింటిలోనూ అదే మూడు గదులు, అవే వంపులు.

బీ ఫ్లైలలో

ఇక్కడ నాకు నిజంగా ఇష్టమైన చోటికి వచ్చాం. బీ ఫ్లైలు 4,500కు పైగా జాతులు, ఎండిన నేలల్లోనే వీటి వైభవం ఎక్కువ. రాబర్ ఫ్లై రెక్కలు వెనక్కి మడుచుకుని కూర్చుంటే, చాలా బీ ఫ్లైలు రెక్కలు రెండు పక్కలకూ చాపి నేల మీద ఎండ కాగుతుంటాయి. ఫొటో తీసేవాళ్ళకు ఇంతకన్నా సదుపాయం ఏముంటుంది. పైగా చాలావాటికి రెక్కల మీద నలుపు, గోధుమ మచ్చలుంటాయి. ఆ రంగు పొలుసులది కాదు, రెక్క పొరలోనే ఉంటుంది, రాలదు.

ఆ మచ్చలే మోసం కూడా చేస్తాయి. సగం నల్లగా, సగం తేటగా ఉండే రెక్కలు ఎన్నో ప్రజాతుల్లో ఉన్నాయి. మచ్చను చూసి పేరు పెట్టేముందు గదులు లెక్కపెట్టాలి. ఎక్సోప్రోసోపాలో మూడు గదులు. విల్లా, హెమిపెంథెస్, థైరిడాంత్రాక్స్, ఆంత్రాక్స్, వీటన్నిటిలో రెండు. లిజైరాలో అయితే నాలుగు, అంటే ఒక మెట్టు చాలక ఇంకో మెట్టు కూడా ఉంటుంది. నాలుగు గదుల రెక్క మొదటిసారి కనిపించినప్పుడు నేను లెక్క తప్పాననుకుని ఆ ఫొటోను అయిదారుసార్లు చూశాను.

రెండు గదులవాళ్ళలో ఆంత్రాక్స్‌ను విడదీయడానికి యాంటెన్నా కొస చూడాలి. అక్కడ చిన్న వెంట్రుకల కుచ్చు ఉంటుంది, రంగుల డబ్బాలో వచ్చే కుంచె మొనలాగా. మిగతావాటిలో ఆ కుచ్చు ఉండదు. ఇది కనిపించాలంటే తల మీద మంచి ఫోకస్ ఉండాలి. లేకపోతే ఆంత్రాక్స్ అని గట్టిగా చెప్పకండి.

ఈ పేర్లు నోరు తిరగవని భయపడేవాళ్ళ కోసం ఒక మాట. అర్థం తెలిస్తే అవే గుర్తుంటాయి. గ్రీకు భాషలో ఆంత్రాక్స్ అంటే బొగ్గు. ఈగ బొగ్గులా నల్లగా ఉంటుంది కాబట్టి ఆ పేరు. అదే పేరున్న జబ్బుకు కూడా ఒంటి మీద వచ్చే నల్లని పొక్కుల వల్లే పేరొచ్చింది, ఈగకూ జబ్బుకూ ఏ సంబంధమూ లేదు. థైరిస్ అంటే కిటికీ. థైరిడాంత్రాక్స్ రెక్కలో నల్లని మేర మధ్య చిన్న చిన్న తేట గళ్ళు కిటికీల్లా ఉంటాయి. ఎక్సోప్రోసోపా అంటే బయటికొచ్చిన ముఖం. పక్కనుంచి చూస్తే ముఖం ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. విల్లాలో అదే ముఖం గుండ్రంగా ఉంటుంది. చూడండి, పేరులోనే గుర్తు పెట్టి ఇచ్చారు.

ఇంకో గుర్తు ఉంది, దీనికి గదులు లెక్కపెట్టనక్కరలేదు. పై ఈనె ఎక్కడ పుట్టిందో చూడండి. ఇప్పటిదాకా చెప్పిన ఆంత్రాక్స్, విల్లా, ఎక్సోప్రోసోపాల వర్గంలో అది రెక్క మధ్యకు వచ్చాక, దాదాపు నిట్టనిలువుగా మూల తిరిగి పుడుతుంది. గోడ నుంచి బయటికొచ్చిన మేకులాగా. పొడవాటి తొండం ఉన్న బాంబిలియస్ వర్గంలో అది ఇంకా ముందే, రెక్క మొదలుకు దగ్గరగా, సన్నని కోణంలో మెల్లగా విడిపోతుంది. పెద్ద రహదారి నుంచి పక్కదారి చీలినట్టు ఉంటుంది. తొండం ఫొటోలో పువ్వు లోపల ఉండిపోయినప్పుడు ఈ గుర్తు నాకు ఎన్నోసార్లు అక్కరకొచ్చింది.

బీ ఫ్లై ఇసుక మీద నిలిచి, పొట్ట కొసను ఇసుకకు మళ్ళీ మళ్ళీ తాకిస్తున్న ఫొటో మీ దగ్గరుంటే అది ఆడదని రాసుకోండి. చాలా జాతుల్లో ఆడదానికి పొట్ట చివర చిన్న సంచి లాంటి అర ఉంటుంది. అందులో ఇసుక నింపుకుని, గుడ్లకు ఆ ఇసుక పట్టించి, తర్వాత ఎగురుతూ నేలలోని తేనెటీగల గూళ్ళ నోట్లోకి విసురుతుంది. బాంబిలియస్‌లో అయితే కళ్ళు చూసినా చాలు. మగదానికి రెండు కళ్ళూ నెత్తిన కలిసిపోతాయి, ఆడదానికి మధ్యలో ఎడం ఉంటుంది.

వంగిన ఈనెలు

రాబర్ ఫ్లై అనుకుని పక్కన పెట్టినవాటిలో అపియోసెరా అనే వేరే కుటుంబపు ఈగ ఉండే అవకాశం ఉంది. అదే పరిమాణం, అదే బూడిద రంగు, ఇసుక మీద అదే కూర్చునే తీరు. కానీ ఇది వేటాడదు. దీని రెక్క కొస చూస్తే విషయం తేలిపోతుంది. రెక్క మధ్యలోని ఈనెలు కొసకు వచ్చేసరికి ముందు అంచు వైపు వంగి, కొసకు ముందే ముగుస్తాయి. గాలికి ఒక పక్కకు వాలిన గడ్డిలాగా. రాబర్ ఫ్లైలో పంగ కిందున్న ఈనెలు కొస దాటి వెనక అంచుకు వెళ్తాయి. మైడస్ ఫ్లైలు అనే ఇంకో కుటుంబపు పెద్ద ఈగల్లో కూడా ఈనెలు ఇలాగే ముందుకు వంగుతాయి, అయితే వాటి యాంటెన్నాలు పొడవుగా, చివర గదలా ఉబ్బి ఉంటాయి. అపియోసెరావి పొట్టివి.

అపియోసెరాకు ఊరు కూడా ఒక గుర్తు. ఉత్తర అమెరికా పడమటి భాగం, దక్షిణ అమెరికా, ఆఫ్రికా దక్షిణ భాగం, ఆస్ట్రేలియా, ఈ ఎడారుల్లో వెతకాలి దాన్ని. సహారాలో తీసిన ఫొటోకు ఆ పేరు తడితే మళ్ళీ మొదటి నుంచి చూసుకోండి.

పాత పుస్తకాలు చదివేవాళ్ళకు ఒక హెచ్చరిక. రాఫియోమిడాస్ అనే ప్రజాతిని వాటిలో అపియోసెరాతో కలిపి పెట్టారు. తర్వాత దాన్ని మైడస్ ఫ్లైల కుటుంబానికి మార్చారు. రెండు పుస్తకాల్లో రెండు చోట్ల కనిపిస్తే మీ తప్పు కాదు. ఈ రాఫియోమిడాస్‌లోనే డెల్హీ శాండ్స్ ఫ్లవర్ లవింగ్ ఫ్లై ఉంది. కాలిఫోర్నియాలోని డెల్హీ ఇసుక దిబ్బల్లో మాత్రమే బతికే ఉపజాతి అది. నారింజ గోధుమ ఒళ్ళు, పొట్ట మీద ముదురు మచ్చలు, పువ్వుల్లోకి దించే పొడవాటి తొండం. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఎగురుతుంది. 1993లో అమెరికా ప్రభుత్వం దాన్ని అంతరించే ప్రమాదంలో ఉన్న జీవుల చట్టం కిందికి తెచ్చింది. ఆ జాబితాకెక్కిన మొదటి ఈగ అదే. ఇళ్ళు, రోడ్లు వస్తున్న ఆ ఇసుక నేలల్లో ఒక ఈగ ఉందా లేదా అన్న ప్రశ్నకు చట్టం బరువు వచ్చింది. అలాంటి చోట ఫొటో చూసి ‘అదే’ అనో ‘అది కాదు’ అనో తొందరపడి చెప్పే మాటకు ఎంత బాధ్యత ఉంటుందో ఆలోచించండి. నేను ఈ పాఠాలు ఇంత నిదానంగా చెప్పడానికి ఇదీ ఒక కారణం.

రెక్కను చదవడంలో పొరపాట్లు

నాకు జరిగినదే చెబుతాను. పొద్దున్నే ఇసుక మీద కూర్చున్న ఒక రాబర్ ఫ్లైని పైనుంచి తీశాను. ఫొటో అద్దంలా వచ్చింది, ఈనెలన్నీ స్పష్టంగా ఉన్నాయి. పై ఈనెకూ పంగకూ మధ్య మెట్టు కనిపించింది. మూడు గదులని రాసేసుకున్నాను. కొన్ని నెలల తర్వాత అదే వరసలోని ఇంకో ఫొటో చూశాను. ఈగ ఎగరబోతూ ఒక రెక్క కొంచెం ఎత్తింది. అందులో మెట్టు లేదు. నేను చూసిన మెట్టు కింద రెక్కలోని ఈనె. రాబర్ ఫ్లై రెక్కలు ఒకదాని మీద ఒకటి వేసి కూర్చుంటుంది, రెండూ గాజు కాగితంలాంటివి, కింద రెక్క ఈనెలు పై రెక్కలోంచి కనిపిస్తాయి. రెండు రెక్కల ఈనెలు కలిసిపోయి ఎక్కడా లేని గదులు పుట్టుకొస్తాయి. అప్పటినుంచి మడిచిన రెక్కల్లో లెక్కపెట్టేటప్పుడు పై రెక్క ముందు అంచు నుంచి మొదలుపెట్టి, ఒక్కో ఈనె మీదా వేలు పెట్టి కొస దాకా వెళ్తాను. మొదలు నుంచి తెగకుండా రాని ఈనెను లెక్కలో వేయను. అడ్డు ఈనె అయితే రెండు కొనలూ సరిగ్గా పై రెక్క ఈనెలకే తగిలి ఆగుతున్నాయా అని చూస్తాను. కింద రెక్కది అయితే తగిలి ఆగదు, దాటి పోతుంది.

ఇసుక రేణువుల మధ్య సందులు తేట రెక్కలోంచి ఈనెల్లా కనిపించడం ఇంకో చిక్కు. రెక్క బయట కూడా అలాంటి గీతలే ఉన్నాయేమో చూస్తే తెలిసిపోతుంది. ఫ్లాష్ వెలుగుకు రెక్క ముడతలు మెరిసి ఈనెల్లా ఉంటాయి. అసలు ఈనెకు మందం ఉంటుంది, ముడత వెలుగు మారితే పోతుంది.

అరుదుగా ఒక ఈగకు ఒక రెక్కలో అదనంగా అడ్డు ఈనె పుడుతుంది, రెండో రెక్కలో ఉండదు. మనుషుల్లో ఒక చేతికి ఆరో వేలు ఉన్నట్టు. అందుకని వీలైతే రెండు రెక్కలూ లెక్కపెట్టండి. రెండు రెక్కల్లో రెండు లెక్కలు వస్తే తక్కువ లెక్కనే ముందు పరిశీలించండి, ఆ ఈగ ఫొటోలు మాత్రం దాచుకోండి.

ఫొటో తీసేటప్పుడు

ఇదంతా కుదరాలంటే రెక్క మొత్తం ఒకే ఫోకస్‌లో ఉండాలి. మాక్రో లెన్సులో ఫోకస్ లోతు కొన్ని మిల్లీమీటర్లు కూడా ఉండదు. రెక్క ఏ వాలులో ఉందో కెమెరా వెనక భాగం అదే వాలులో ఉండేలా పట్టుకోండి. చాపిన రెక్కల బీ ఫ్లైకి నేరుగా పైనుంచి, మడిచిన రెక్కల రాబర్ ఫ్లైకి పక్కగా, కొంచెం పైనుంచి.

తెల్లవారాక ఎండ ముదరకముందు ఈగల ఒళ్ళు ఇంకా చల్లగా ఉంటుంది, ఒకచోట ఎక్కువసేపు కూర్చుంటాయి. అదే మంచి సమయం. మధ్యాహ్నం ఇసుక కాలేసరికి అవి పొదల మీదికో నీడకో పోతాయి. దగ్గరికి వెళ్ళేటప్పుడు మీ నీడ దాని మీద పడనివ్వకండి. నోట్లో వేట ఉన్న రాబర్ ఫ్లై అంత తొందరగా ఎగిరిపోదు. అది కనిపిస్తే వదలకండి. ఒక్క ఫొటోతో ఆగకుండా పై నుంచి, పక్క నుంచి, ఎదురుగా, మూడు వైపుల తీయండి. వీలైతే ఎగరబోయే క్షణం కూడా. నా తప్పు బయటపెట్టింది అలాంటి ఫొటోనే.

ఒక ఫొటోను చివరిదాకా చూద్దాం

నా దగ్గర ఒక బీ ఫ్లై ఫొటో ఉంది. రెక్కలు చాపి నేల మీద కూర్చుంది. ముందు సగం నలుపు, వెనక సగం తేట, మధ్యలో ఏటవాలు గీత. ఒళ్ళు అరిగిపోయి నల్లగా ఉంది. రంగు చూసి చెప్పమంటే హెమిపెంథెస్ అనేస్తాం, దానికి అలాంటి రెక్కే ఉంటుంది.

ముందుగా పై ఈనె పుట్టిన చోటు. నలుపులో ఉంది కాబట్టి మామూలుగా చూస్తే కనిపించలేదు. ఎడిటింగులో ఆ చోట వెలుగు పెంచాను. నిట్టనిలువుగా, మేకులా పుట్టింది. కాబట్టి బాంబిలియస్ వర్గం కాదు. తర్వాత పంగ. దాని చేతులు తేట భాగంలోకి వచ్చాయి, చూడడం సులువు. గదులు ఒకటి, రెండు... పై ఈనెకూ పై చేతికీ మధ్య మెట్టు ఉంది, కానీ అది సరిగ్గా నలుపు అంచున పడింది. నలుపు అంచో, ఈనెనో చెప్పడం కష్టం. రెండో రెక్క చూశాను. అక్కడ నలుపు అంచు కొంచెం వెనక్కి ఉంది, మెట్టు తేట భాగంలో విడిగా నిలబడింది. మూడు గదులు. హెమిపెంథెస్ కాదు. పక్కనుంచి తీసిన ఇంకో ఫొటోలో ముఖం ముందుకు పొడుచుకొచ్చి ఉంది. ఎక్సోప్రోసోపా.

అక్కడ ఆగాను. ఆ ప్రజాతిలో జాతి పేరు చెప్పాలంటే నా ఫొటోల్లో లేనివి కావాలి. పొట్ట మీది పొలుసుల రంగు కావాలి, అది అరిగిపోయింది. కొన్ని జాతులకు మగదాని పొట్ట కొసలోని భాగాలను సూక్ష్మదర్శినిలో చూడాలి, అది ఫొటో పని కాదు. ఎఫెరియా విషయంలో కూడా ఇంతే. కాబట్టి ‘ఎక్సోప్రోసోపా, జాతి తేలలేదు, మూడు గదులు రెండు రెక్కల్లోనూ చూశాను’ అని రాసి, తేదీ, చోటు, నేల ఎలాంటిదో, ఏ మొక్క దగ్గరుందో కింద చేర్చాను. ఎవరైనా ఆ జాతుల మీద పనిచేసేవాళ్ళు తర్వాత చూస్తే వాళ్ళకు పనికొచ్చేది ఈ వివరాలే. ఊహించి రాసిన జాతి పేరు వాళ్ళను దారి తప్పిస్తుంది.

వచ్చే పాఠానికి చేయవలసిన పని. మీ మూడో కుప్పలోంచి పది ఫొటోలు తీయండి, ‘తెలియదు’ అని రాసినవే. ఒక్కోదానికీ ఒక్కో చీటీ మీద రెక్క గీయండి. పై ఈనె పుట్టిన చోటు, దాని చివర అంచుకు చేరిందా లేక పైనున్న ఈనెలో కలిసిందా, పంగ, మెట్టు ఉందా లేదా, కొసన ఈనెలు ముందుకు వంగాయా, ఈ అయిదే గీయండి. కనబడని దాన్ని చుక్కల గీతతో చూపించండి. పేరు రాయకండి. వచ్చే పాఠంలో మూడు గదులు వచ్చిన చీటీలతో మొదలుపెడదాం. పంగ కింద చెయ్యి రెక్క కొసకు ముందు ముగిసిందో, వెనక ముగిసిందో ఆ చీటీల మీద ఇప్పుడే ఒక చుక్క పెట్టి ఉంచుకోండి.